ఇంట్లో చేసిన ఆర్‌సీఏ కేబుల్‌లో హమ్ ఆగట్లేదు, సాయం చేయండి

కొత్తశ్రోత:
పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నాను, ఓపిక అయిపోయింది. ప్లేయర్ నుంచి ఆంప్లిఫయర్‌కి మీటరున్నర ఆర్‌సీఏ కేబుళ్ల జత (మధ్యలో పిన్, చుట్టూ రింగ్ ఉండే ప్లగ్గులవి) తయారు చేశాను. రెండు చానెళ్లలోనూ గుయ్‌మని పెద్ద హమ్. పాట ఎక్కడో సన్నగా వినిపిస్తోంది, బేస్ అసలే లేదు. రెండుసార్లు విప్పి మళ్లీ టంకం వేశాను. మల్టీమీటర్‌తో చూస్తే ఈ చివర పిన్ నుంచి ఆ చివర పిన్‌కి బీప్ వస్తోంది, అంటే కలిసే ఉన్నాయి, పిన్‌కీ రింగ్‌కీ మధ్య షార్ట్ లేదు. పాత కేబుల్ పెడితే అంతా మామూలే. ఎక్కడ తప్పు?

టంకం:
ఏ కేబుల్? లోపల వైర్లెన్ని?

రాగితీగ:
ఆర్‌సీఏ సంగతి సరే, స్పీకర్ వైరు ఏం వాడారు? అందరూ అక్కడే దెబ్బ తింటారు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి మీటరుకి సుమారు 12 మిల్లీఓములు. స్పీకర్ 5 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 10 మీటర్లు, అంటే 0.12 ఓము. 8 ఓముల స్పీకర్‌కి ఇది ఒకటిన్నర శాతమే, పర్వాలేదు. 4 ఓములైతే 2.5 చదరపు మిల్లీమీటర్లది తీసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం మాత్రం వద్దు. ఒక పోగుని బ్లేడుతో గీకి చూడండి, పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే అదే. ఇంకోటి, స్క్రూ కింద బిగించే చివరకి టంకం పూయకండి. ఒత్తిడికి టంకం మెల్లగా అణిగిపోయి, కొన్నాళ్లకి పట్టు వదులవుతుంది.

కొత్తశ్రోత:
స్పీకర్ వైరు మార్చలేదండీ, దాని సమస్య కాదు. కేబుల్ మంచిదే, షీల్డ్ (వైరు చుట్టూ ఉండే లోహపు అల్లిక) ఉన్నదే. షీల్డ్‌ని ఒక చివరే కలపాలంటారు కదా, అలాగే ప్లేయర్ వైపు కలిపి, ఆంప్లిఫయర్ వైపు కత్తిరించేశాను.

టంకం:
లోపల వైర్లెన్ని అని అడిగాను.

కొత్తశ్రోత:
ఒకటే. మధ్యలో ఒక వైరు, దాని చుట్టూ అల్లిక.

నాలుగుఓములు:
దొరికింది. ఒక చివరే కలపాలన్న మాట లోపల రెండు వైర్లున్న కేబుల్‌కి. అందులో ఒక వైరు పిన్‌కి, రెండోది రెండు చివర్లా రింగ్‌కి పోతుంది, షీల్డ్ కేవలం కవచం కాబట్టి ఒక వైపు వదిలేసినా సరిపోతుంది. మీ కేబుల్‌లో సిగ్నల్ తిరిగి వచ్చే దారి ఆ అల్లికే. దాన్ని కోసేశారు. అందుకే బేస్ పోయింది, హమ్ వచ్చింది. మీరు పిన్ నుంచి పిన్‌కి చూశారు గానీ రింగ్ నుంచి రింగ్‌కి చూడలేదు. ఇప్పుడు చూడండి, బీప్ రాదు.

తీగలాగితే:
ఆంప్లిఫయర్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పోతుంది. గ్రౌండ్ అన్నా ఎర్త్ అన్నా షీల్డ్ అన్నా ఒకటేగా.

నాలుగుఓములు:
దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. ఎర్త్ అనేది ప్రాణరక్షణకి. లోపల కరెంటు తీగ ఊడి పెట్టెకి తగిలితే ఫ్యూజ్ కొట్టేయడానికి ఆ దారే ఆధారం. ఆర్‌సీఏ రింగ్ సిగ్నల్ రిటర్న్, దాని పని వేరు. మూడింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే ఇలాంటి సలహాలు పుడుతున్నాయి.

తీగలాగితే:
సర్క్యూట్ బొమ్మలో అన్నిటికీ గ్రౌండ్ అనే రాస్తారండీ.

నాలుగుఓములు:
బొమ్మలో రాస్తారు, ఇక్కడ తీగ పట్టుకుని మాట్లాడుతున్నాం.

టంకం:
కొత్తశ్రోత గారూ, ఆ చివర మళ్లీ ఇలా చేయండి. ముందు ప్లగ్ తొడుగు, హీట్‌ష్రింక్ స్లీవ్ (వేడికి బిగుసుకునే గొట్టం) కేబుల్‌కి ఎక్కించండి, తర్వాత ఎక్కవు. పై తొడుగు 15 మిల్లీమీటర్లు తీసి, అల్లికని విప్పి ఒక పక్కకి మెలిపెట్టండి. ఒక్క పోగు కూడా పిన్ వైపు పోకూడదు. లోపలి వైరు 5 మిల్లీమీటర్లు ఒలవండి. ఐరన్ 350 డిగ్రీలు. వైరుకీ పిన్ వెనకున్న చిన్న గిన్నెకీ విడివిడిగా టంకం పూసి, ఆ తర్వాత కలిపితే రెండు మూడు సెకన్లలో అతుక్కుంటుంది. ఎక్కువసేపు పెడితే లోపలి పాలిథీన్ మెత్తబడి, మధ్య వైరు పక్కకి జరిగి అల్లికని తాకుతుంది. ఒక్కోసారి చల్లారాక వంచి చూస్తేనే ఆ షార్ట్ బయటపడుతుంది. ప్లగ్ క్లాంపు పై తొడుగుని పట్టుకోవాలి, లోపలి వైరుని కాదు. చివరగా పిన్-పిన్, రింగ్-రింగ్ బీప్ రావాలి, పిన్-రింగ్ రాకూడదు.

కొత్తశ్రోత:
రింగ్-రింగ్ నిజంగానే బీప్ రాలేదు. రెండు కేబుళ్లకీ అల్లిక కలిపాను, హమ్ పోయింది. థాంక్సండీ. ఇదే కేబుల్ టర్న్‌టేబుల్‌కి కూడా పనికొస్తుందా?

రాగితీగ:
కేబుల్ కెపాసిటెన్స్ (వైరుకీ అల్లికకీ మధ్య చార్జ్ నిలవుండే గుణం) మీటరుకి ఎన్ని పికోఫారాడ్లో చూసుకోవాలి. టర్న్‌టేబుల్ సూది ఉండే కార్ట్రిడ్జ్ మూవింగ్ మాగ్నెట్ రకమైతే (సూదితో పాటు చిన్న అయస్కాంతం కదిలేది), ఆ కెపాసిటెన్స్ ఎక్కువైనప్పుడు పై స్వరాల తీరు మారిపోతుంది. ప్లేయర్‌కైతే అంత పట్టింపు లేదు. మీ కేబుల్ పేరేంటి?