పదిసార్లు చదవడమా, పుస్తకం మూసి అప్పజెప్పడమా?

ఖమ్మం అమ్మ

మా పెద్దమ్మాయి బైపీసీ సెకండియర్, వచ్చే మేలో నీట్ రాయాలి. ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకాలు రెండూ లైన్ టు లైన్ పదిసార్లు తిరగేస్తే చాలని సీనియర్లు చెప్పారట. అదే పట్టుకుని కూర్చుంది. పసుపు, గులాబీ, ఆకుపచ్చ గీతలతో పేజీలు నిండిపోయాయి. మా నాన్నగారు హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. రోజూ రాత్రి ఆయన పుస్తకం తీసుకుని "ఏదీ, అప్పజెప్పు" అంటారు. సగం చెప్పి ఆగిపోతుంది. "చదువుతుంటే అన్నీ వస్తాయి తాతయ్యా, మీరడిగితేనే పోతాయి" అని ఏడుపు. "రానిది వచ్చిందనుకుంటే రేపు పరీక్ష హాల్లో ఏడవాలి" అని ఆయన. అప్పజెప్పడానికి పోయే టైములో ఇంకోసారి చదువుకుంటే లాభమా, మా నాన్నగారు చెప్పేదే రైటా? పాఠాలు చెప్పేవాళ్లు, ఈ మధ్యే చదువుకున్నవాళ్లు కాస్త చెప్పండి.

బోటనీ సార్, హనుమకొండ

అమ్మా, మీ అమ్మాయి దారే మంచిదంటాను. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, అంటే 90 ప్రశ్నలు, 360 మార్కులు బయాలజీవే. తప్పు గుర్తిస్తే ఒక మార్కు కోత. ప్రశ్న ఎలా వస్తుందో చూడండి. రెండు వాక్యాలిచ్చి ఏది ఒప్పు, ఏది తప్పు అంటారు. చాలాసార్లు అది పుస్తకంలోని వాక్యమే, ఒక్క మాట మారుస్తారు. మీసోఫిల్ (ఆకు మధ్యలోని కణాలు) ఉండాల్సిన చోట బండిల్ షీత్ (ఈనె చుట్టూ ఉండే కణాల పొర) పెడతారు. ఆ లైను కళ్లలో ఆడుతుంటేనే మార్పు దొరుకుతుంది. నోటితో చెప్పక్కర్లేదు, చూడగానే పట్టుకుంటే చాలు.

పైగా రెండేళ్లవీ కలిపి 32 చాప్టర్లు. ఒక్కొక్కటీ మూసి, గుర్తు తెచ్చుకుని, రాసి, సరిచూసుకుంటూ పోతే ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎప్పుడు చదవాలి? అప్పజెప్పించడం చిన్న క్లాసుల పద్ధతి.

ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్, కాకినాడ

సార్, నమస్తే. ప్రశ్నల తీరు మీరు చెప్పినట్టే ఉంటుంది, ఒప్పుకుంటాను. ఆ లైను గుర్తుండాలంటే ఎక్కువసార్లు చూడాలన్న మాట దగ్గరే నా అభ్యంతరం.

2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీలో, రోడిగర్, కార్పికే అనే ఇద్దరు ఇదే సంగతి పరీక్ష పెట్టి చూశారు. కాలేజీ పిల్లలకు ఒక చిన్న పాఠం ఇచ్చారు. ఒక గుంపు నాలుగు విడతలూ చదువుతూనే కూర్చుంది, సగటున 14 సార్లు చదివారు. ఇంకో గుంపు మొదటి విడత చదివి, తర్వాతి మూడు విడతల్లో గుర్తున్నంతా కాగితం మీద రాసింది. వీళ్లు చదివింది మూడు నాలుగు సార్లే. తప్పొప్పులు కూడా ఎవరూ చెప్పలేదు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లకు 83 శాతం, రాసినవాళ్లకు 71 శాతం గుర్తుంది. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లకు 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగారు. ఎక్కువ ధీమాగా చెప్పింది 14 సార్లు చదివినవాళ్లే. అక్కా, మీ అమ్మాయి "చదువుతుంటే అన్నీ వస్తాయి" అనేది అబద్ధం కాదు. అంతకుముందు చూసిన పేజీ కాబట్టి కన్ను గుర్తుపడుతుంది. ఆ తేలికదనాన్నే మనం "వచ్చేసింది" అనుకుంటాం. తాతయ్యగారు అడగ్గానే పోవడం లేదు, లేదని అప్పుడు బయటపడుతోంది.

రంగు పెన్నుల సంగతి కూడా చెప్పాలి. 2013లో డన్‌లాస్కీ, మరో నలుగురు సైకాలజిస్టులు విద్యార్థులు వాడే పది పద్ధతుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడకట్టారు. గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం రెండూ తక్కువ ఉపయోగం అన్న వరుసలో పడ్డాయి. పైవరుసలో నిలిచినవి రెండే: తమను తాము ప్రశ్నించుకోవడం, ఒకేరోజు కుక్కేయకుండా రోజుల ఎడంతో చదవడం.

తెలుగు పండితుడు, తెనాలి

అప్పజెప్పించడం చిన్న క్లాసుల పద్ధతి అని లెక్చరర్ గారు అన్నారు. అక్కడ ఆగాల్సి వచ్చింది.

అష్టావధానం చూడండి. అవధాని ఒక్కో పద్యాన్నీ ఒకేసారి పూర్తిచేయడు. సమస్య ఇచ్చినవారికి ఒక పాదం, దత్తపది ఇచ్చినవారికి ఒక పాదం, వర్ణన అడిగినవారికి ఒక పాదం, ఇలా అందరి దగ్గరికీ ఒక చుట్టు తిరుగుతాడు. ఈలోగా అప్రస్తుత ప్రసంగి అడ్డుతగులుతుంటాడు, మోగుతున్న గంటలూ లెక్కపెట్టుకోవాలి. రెండో ఆవృత్తిలో మళ్లీ మొదటి పృచ్ఛకుడి (ప్రశ్న అడిగినవారి) దగ్గరికి వచ్చేసరికి, వదిలేసిన పాదాన్ని జ్ఞాపకం తెచ్చుకుని దానికి అతికేలా రెండోది చెప్పాలి. అలా నాలుగు ఆవృత్తులు. చివర ధారణలో అన్ని పద్యాలూ వరుసగా ఒప్పజెప్పాలి. ఎదురుగా కాగితం ఉండదు. మరిచిపోవడానికి కావలసినంత ఎడం ఇచ్చి, అప్పుడు బయటికి లాగడం. ఆ కాకినాడ అబ్బాయి చెప్పిన రెండు పద్ధతులూ ఇందులో ఉన్నాయి. తిరుపతి వేంకట కవులు నూరుమంది పృచ్ఛకులతో శతావధానాలు చేసి చూపించారు. దీన్ని చిన్న పిల్లల పని అనగలమా?

ఇంకో ముక్క. బట్టీనీ అప్పజెప్పడాన్నీ ఒకే గాటన కట్టేసి, బట్టీ మీద కోపంతో రెండోదాన్ని కూడా బడుల్లోంచి పంపించేశాం. ఎక్కాలు వరుసగా చదివించడం ఒక సగం. "పదమూడేళ్లెంత?" అని మధ్యలోంచి అడగడం రెండో సగం. ఆ రెండో సగం ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? గణాలు నేర్పేటప్పుడు "యమాతారాజభానసలగం" అన్న ఒక్క సూత్రం చెబుతాం. య, మా, తా అంటే ఒక లఘువు, రెండు గురువులు, అది యగణం. అక్షరం అక్షరం జరుపుకుంటూ పోతే ఎనిమిది గణాలూ వస్తాయి. ఆ సూత్రాన్ని వందసార్లు వల్లించిన పిల్లవాడికన్నా, ఖాళీ పలక మీద నాలుగు రోజులకోసారి ఎనిమిది గణాలూ దాన్నుంచి రాబట్టినవాడికి ఛందస్సు నిలుస్తుంది. నా క్లాసుల్లో నేను చూసింది అదే.

బోటనీ సార్, హనుమకొండ

పండితులు గారికి నమస్కారం. అవధానం మీద నాకు గౌరవం ఉంది. కానీ అవధానికి భాష మీద పట్టు ముందే ఉంటుంది. నా దగ్గరికొచ్చే పిల్లలకు సబ్జెక్టు మీద ఆ పట్టు ఉండదు.

మొక్కజొన్న, చెరకు లాంటి సి4 మొక్కల గురించి గడగడా అప్పజెప్తారు. మీసోఫిల్‌లో పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్, నాలుగు కార్బన్ల ఆక్సాలోఎసిటిక్ ఆమ్లం, బండిల్ షీత్‌లో రూబిస్కో అనే ఎంజైమ్. "సరే, వీటిలో ఫోటోరెస్పిరేషన్ ఎందుకు జరగదు?" అంటే నోరు పెగలదు. బండిల్ షీత్‌లో కార్బన్ డయాక్సైడ్ గాఢత పెరిగి, రూబిస్కో ఆక్సిజన్ వైపు పోదన్న (పోతే అదే ఫోటోరెస్పిరేషన్) సంగతి వాళ్లు అప్పజెప్పినదాంట్లోనే దాగి ఉంది. కలపలేరు. అందుకే నేను పుస్తకం తెరిచి పెట్టుకుని, బాణాలు గీస్తూ విషయానికీ విషయానికీ లంకె వేసే పటం వేయమంటాను. అర్థమయ్యాక జ్ఞాపకం దానంతటదే వస్తుంది.

ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్, కాకినాడ

సార్, ఆ పోలిక కూడా పెట్టి చూశారు. 2011లో కార్పికే, బ్లంట్ సైన్స్ పత్రికలో రాసినది. ఒక గుంపు పాఠం ముందుంచుకుని మీరు చెప్పిన లంకెల పటమే గీసింది. ఇంకో గుంపు చదివి, మూసి, గుర్తున్నది రాసి, మళ్లీ చదివి, మళ్లీ రాసింది. వారం తర్వాత పరీక్షలో నేరుగా అడిగినవాటితో పాటు, రెండు మూడు సంగతులు కలిపి తేల్చాల్సిన ప్రశ్నల్లోనూ రాసినవాళ్లే ముందున్నారు.

మీ సి4 పిల్లవాడి విషయంలో నాకు తోచేది, అతన్ని అడిగిన ప్రశ్నే ఒక రకందని. "ఏమేమి ఉంటాయి" అని అడిగితే జాబితా చెప్తాడు. "ఎందుకు జరగదు" అని ప్రతిసారీ అడిగితే అదే అప్పజెప్తాడు. పటం మంచిదే, పుస్తకం మూసి వేయమనండి.

హాస్టల్ పిల్లాడి నాన్న, కర్నూలు

నాదొక సందేహం. మావాడికి ప్రతి వారం టెస్టే, నెలకొకసారి గ్రాండ్ టెస్టు. పరీక్షలు పెట్టుకుంటేనే గుర్తుంటుందంటే మావాడికి ఈపాటికి అన్నీ వచ్చేయాలి. ఎందుకు రావట్లేదు? పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్. పుస్తకం మూసి ఆలోచిస్తూ కూర్చుంటే వార్డెన్ వచ్చి "ఏం, చదవట్లేదేం" అంటాడట. పుస్తకం తెరిచి ఉంటేనే చదువుతున్నట్టు లెక్క.

ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్, కాకినాడ

అన్నా, టెస్టు తర్వాత ఏం జరుగుతుందో మీవాణ్ణి అడగండి. ర్యాంకు బోర్డు మీద పడుతుంది, సెక్షన్ మారుతుంది, సోమవారం కొత్త చాప్టర్. తప్పు పోయిన ప్రశ్నల్ని మూడు రోజులకో, వారానికో మళ్లీ అతని ముందు పెట్టేవాళ్లు లేరు. నేను చెప్పే పరీక్షకు మార్కులుండవు, ఎవరూ చూడరు. పేజీ మూసి రఫ్ బుక్‌లో రాసుకోవడం, తెరిచి ఎర్ర పెన్నుతో మిగిలింది చేర్చుకోవడం. ఆ ఎర్ర ముక్కలే వచ్చేసారి ప్రశ్నలు. స్టడీ అవర్స్‌లో పుస్తకం మూయనివ్వకపోతే ప్రశ్నలు ఒకవైపు, జవాబులు వెనకవైపు రాసుకున్న చీటీలు వాడమనండి. చూసేవాళ్లకు చదువుతున్నట్టే ఉంటుంది. లైట్నర్ అనే జర్మన్ 1972లోనే దీన్ని డబ్బాల పద్ధతిగా చెప్పాడు. వచ్చిన చీటీ ఎక్కువ ఎడంతో తెరిచే డబ్బాలోకి, రాని చీటీ మళ్లీ మొదటి డబ్బాలోకి. మేం ఫోన్లో వాడే అంకీ యాప్ చేసేదీ దాదాపు అదే.

లెక్కల టీచర్, గుంటూరు

అందరూ బయాలజీ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఒక మాట చేరుస్తాను. లెక్కల్లో మా పిల్లలకు జరిగే నష్టం వేరు. ఒక అధ్యాయం అయ్యాక అదే రకం లెక్కలు ముప్పై చేయిస్తాం. ఏ సూత్రం వాడాలో అక్కడ ఆలోచించే పనే లేదు, పైన హెడ్డింగే చెప్పేస్తుంది. 2007లో రోరర్, టేలర్ నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణాలు నేర్పి చూశారు. రకం తర్వాత రకంగా చేసినవాళ్లు సాధనలో 89 శాతం తెచ్చుకున్నారు, కలగలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో కలగలిపినవాళ్లకు 63, రకం ప్రకారం చేసినవాళ్లకు 20. క్లాసులో బాగా చేస్తున్నారని మురిసిపోయే మా టీచర్లందరూ ఆ 20 దగ్గర కాసేపు ఆగాలి.

కానీ తమ్ముడూ, నీతో ఒకచోట ఏకీభవించలేను. కొత్త లెక్క, కొత్త ఫిజిక్స్ సమస్య దగ్గర "మూసి చెప్పు" పనిచేయదు. 2015లో వాన్ గోగ్, స్వెల్లర్ ఇదే వాదించారు. ఒకదానిమీద ఒకటి ఆధారపడే భాగాలు ఎక్కువున్న పాఠం అయ్యేకొద్దీ ఈ పద్ధతి లాభం తగ్గుతుందని, ఒక్కోసారి ఉండదని. అదే ఏడాది కార్పికే వైపు నుంచి గట్టి జవాబు వచ్చింది, తగువు తెగలేదు. నా క్లాసులో మాత్రం మొదట చేసి చూపిన లెక్కను మెట్టు మెట్టుగా, ఈ మెట్టు ఎందుకొచ్చిందో అడుగుతూ చదివిస్తాను. మూయించడం ఆ తర్వాతే. అర్థం కానిదాన్ని గుర్తు తెచ్చుకోమంటే పిల్ల తప్పుడు దారినే గట్టిపరుచుకుంటుంది.

బోటనీ సార్, హనుమకొండ

టీచరమ్మ గారు చెప్పిన వరుస నాకు నచ్చింది. ముందు అర్థం కావాలి, ఆ తర్వాత మూయాలి. అబ్బాయి చూపించిన అంకెలు కూడా కొట్టిపారేయను. కానీ అందులోనే ఐదు నిమిషాల అంకె కూడా ఉంది కదా బాబూ, 83కి 71. పరీక్ష ముందురోజు, అంతకు ముందురోజు పిల్లలకు నేను చదవమనే చెప్తాను. అప్పుడు మూసి, రాక, భయపడితే ఉన్నదీ పోతుంది.

ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్, కాకినాడ

ఆ చివరి రోజుల మట్టుకు మీ మాటే సార్. ఇప్పటికి ఇంకా నెలలున్నాయి, నా వాదన ఆ నెలల గురించే. రోజుకు 32 చాప్టర్లూ అక్కర్లేదు. ఇవాళ చదివిన చాప్టర్, మూడు రోజుల కిందటిది, రెండు వారాల కిందటిది, ఈ మూడింటికీ తలా పావుగంట మూసి రాస్తే చాలు. పదోసారి చదివే టైము మిగులుతుంది కాబట్టి ఫిజిక్స్‌కు కొరత రాదు.

ఖమ్మం అమ్మ

అందరికీ దండాలు. ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. 14 సార్లు చదివినవాళ్లే ధీమాగా ఉన్నారన్న దగ్గర మళ్లీ చదవమంది. మూసి రాయడానికి ఒప్పుకుంది, తాతయ్య ముందు మాత్రం చెప్పనంటోంది. ఆయన మధ్యలోనే "తప్పు" అంటారు, అక్కడితో ఆగిపోతానంటోంది. పండితులు గారూ, మా నాన్నగారికి మీ వయసే ఉంటుంది. ఆయనకు ఏం చెప్పమంటారు?

తెలుగు పండితుడు, తెనాలి

అమ్మా, నా మాటగా చెప్పండి. అమ్మాయి చెబుతున్నంతసేపూ పుస్తకం ఆయన ఒళ్లో మూసే ఉండాలి. ఆగిన చోట అందించకూడదు, నిమిషం పాటు వెతుక్కోనివ్వాలి. ఆ వెతుకులాటలోనే పని జరుగుతుంది. అంతా అయ్యాక పుస్తకం ఆమె చేతికే ఇచ్చి, ఏమేమి వదిలేసిందో ఆమెనే చూసి చెప్పమనాలి. తప్పు పట్టేది ఆమే కావాలి. మరునాడు వదిలేసిన వాటితోనే మొదలుపెట్టాలి. ఇంకొకటి, బయాలజీ ఆయన సబ్జెక్టు కాకపోతే మరీ మంచిది. "ఇది నాకు తెలియదు, అర్థమయ్యేలా చెప్పు తల్లీ" అని అడగమనండి. లెక్చరర్ గారు కోరిన "ఎందుకు" అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.