ఏప్రిల్‌లో హుడ్ పర్వతం మీద మంచు, కొలంబియా నది మీద గాలి: సూచనలను ఎలా చదువుకోవాలి?

ప్రశ్న: పెన్నా ఒడ్డు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. ఏప్రిల్ రెండో వారంలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, బీవర్టన్‌లో ఉన్న మా అక్కయ్య వాళ్లింటికి వెళ్తున్నాను. ఇరవై రోజులు అక్కడే ఉంటాను. కొండలెక్కడం నాకు కొత్త కాదు. పెంచలకోన అడవిలోనూ, ఉదయగిరి దుర్గం మీదా చాలాసార్లు తిరిగాను. ఈత కూడా బాగానే వచ్చు. అయితే ధనుర్మాసపు పొగమంచు తప్ప వేరే మంచును నేను ఎరుగను, తెరచాప కట్టిన పలక మీద నిలబడింది అసలే లేదు. వసంతకాలంలో పొద్దున హుడ్ పర్వతం మీద స్కీయింగ్ చేసి, గంట ప్రయాణంలో కొండ దిగి, మధ్యాహ్నం హుడ్ రివర్ అనే ఊరి దగ్గర కొలంబియా నదిలో విండ్‌సర్ఫింగ్ (తెరచాప పలక ఆట) చేసేవాళ్లు అక్కడ ఉన్నారని మా బావగారు చెప్పినప్పటి నుంచీ నాకు ఆ రెండింటి మీదే ధ్యాస.

నెల రోజులుగా ఇక్కణ్నుంచే రోజూ వాతావరణ సూచనలు చూస్తున్నాను, కానీ చూసేకొద్దీ అయోమయం పెరుగుతోంది. ఒకే రోజుకు ఒక చోట కొండ మీద ఎనిమిది అంగుళాల మంచు అని ఉంటే, మరో చోట వాన అని ఉంటుంది. నది సంగతి ఇంకా విచిత్రం. ఎండ బాగా కాసి 24 డిగ్రీలు వచ్చే రోజున గాలి ఐదు నాట్లు (గంటకు సుమారు తొమ్మిది కిలోమీటర్లు) దాటదని చెబుతూ, మబ్బు పట్టి చల్లగా ఉండే రోజున పాతిక నాట్లు వీస్తుందని చెబుతున్నారు. మన దగ్గర ఎండ ముదిరితేనే కదా మధ్యాహ్నం సముద్రపు గాలి లేచేది? ఏ రోజు కొండకు, ఏ రోజు నదికి వెళ్లాలో ఎన్ని రోజుల ముందు తేల్చుకోవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: హిల్స్‌బరో నెల్లూరోడు

మీరు అడిగిన రెండు చిక్కులకూ మూలం ఒకటే. మనం ఊరి పేరు చూసి సూచన చదువుతాం, అక్కడ మాత్రం ఎత్తు చూసి చదవాలి.

ముందు మంచు సంగతి చెబుతాను. హుడ్ పర్వతం ఎత్తు 11,240 అడుగుల పైమాట. పోర్ట్‌లాండ్ నుంచి 26వ నంబరు రహదారిలో వెళ్తే తగిలే గవర్నమెంట్ క్యాంప్ అనే చిన్న ఊరు దాదాపు 4,000 అడుగుల ఎత్తున, అంటే ఇంచుమించు మన హార్స్‌లీ హిల్స్ అంత ఎత్తున ఉంటుంది. అక్కణ్నుంచి ఆరు మైళ్లు పైకి వెళ్తే వచ్చే టింబర్‌లైన్ లాడ్జి దాదాపు 6,000 అడుగుల దగ్గర ఉంటుంది. గాలిలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు చేరే ఎత్తును సూచనల్లో ప్రత్యేకంగా ఇస్తారు, దాన్ని సున్నా గీత అనుకుందాం. పైనుంచి రాలే మంచు ఆ గీత దాటగానే కరిగిపోదు, సుమారు వెయ్యి అడుగులు కిందికి వచ్చేదాకా మంచుగానే ఉండి ఆ తర్వాత వానగా మారుతుంది. ఆ లెక్కన సున్నా గీత 6,000 అడుగుల దగ్గర ఉన్న రోజున టింబర్‌లైన్‌లో మంచు పడుతుంటే, గవర్నమెంట్ క్యాంప్‌లో గొడుగు వేసుకోవలసి వస్తుంది. మీరు చూసిన రెండు సూచనలూ నిజమే అయి ఉంటాయి, ఒకటి పై ఎత్తుకు, ఇంకొకటి కింది ఎత్తుకు రాసినవి. నేను వెళ్లిన మొదటి ఏడాది ఈ తేడా తెలియక, పది అంగుళాల మంచు అన్న మాట పట్టుకుని పిల్లలను తీసుకుని కింది ఊళ్లోనే ఆగి, నాలుగు గంటలు వానలో తడిసి, వేడి చాక్లెట్ తాగి ఇంటికి వచ్చాను.

ఇంకో మాట. పసిఫిక్ మహాసముద్రం దగ్గరే ఉండడం వల్ల ఏప్రిల్‌లో ఆ కొండల మీద పడే మంచులో నీరు ఎక్కువ. అక్కడివాళ్లు దాన్ని ఎగతాళిగా సిమెంటు అంటారు. ఒక అంగుళం వానకు పది అంగుళాల మంచు అన్నది పుస్తకాల లెక్క, వసంతంలో అంతకంటే తక్కువే వస్తుంది. కాబట్టి అంగుళాల సంఖ్య చూసి మురిసిపోకుండా, సున్నా గీత పగటి పొడవునా పైకి పోతోందా కిందికి దిగుతోందా అన్నది చూడండి. దిగుతూ ఉంటే పైపొర తేలికగా ఉండి జారడానికి బాగుంటుంది, ఎక్కుతూ ఉంటే పొద్దున పడ్డ మంచు మీద మధ్యాహ్నం వాన పడి అంతా బురద అవుతుంది.

ఇక గాలి. కాస్కేడ్ పర్వతాల వరుసను దాదాపు సముద్రమట్టం దగ్గరే కోసుకుని పోయే దారి కొలంబియా కనుమ ఒక్కటే. దాని పొడవు సుమారు 80 మైళ్లు, కొన్నిచోట్ల లోతు 4,000 అడుగులు. పడమటి కనుమల్లో పాలక్కాడ్ దగ్గరి ఖాళీ గుండా గాలి ఎలా దూసుకువస్తుందో ఇక్కడా అదే పద్ధతి, కాకపోతే ఈ దారి మరీ ఇరుకు. కొండలకు పడమట సముద్రం మీది చల్లని బరువైన గాలి, తూర్పున ఎడారిలాంటి మెట్టభూమి మీద వేడెక్కి తేలికైన గాలి ఉంటాయి. మనకు అల్పపీడనం అంటే బంగాళాఖాతంలో పుట్టి కార్తీకంలో వాన తెచ్చేది, అక్కడ ఎండకు పుట్టే అల్పపీడనం వాన తేదు, గాలిని లాక్కుంటుంది. అందుకే నది మీదికి వెళ్లేవాళ్లు ముందుగా పోర్ట్‌లాండ్‌లోని గాలి పీడనానికీ, కనుమ తూర్పు కొసన ఉన్న ద డాలస్ అనే ఊరి పీడనానికీ మధ్య తేడా ఎంతో చూస్తారు. పడమటి వైపు రెండు మూడు మిల్లీబార్లు ఎక్కువగా ఉన్నా సాధారణంగా తెరచాపకు సరిపడే గాలి వస్తుంది. మీరు చెప్పిన 24 డిగ్రీల రోజున పోర్ట్‌లాండ్ కూడా తూర్పుతో సమానంగా వేడెక్కి ఉంటుంది, తేడా లేనప్పుడు గాలి ఎందుకు కదులుతుంది?

చలిగాలులతో ఒక వాన తెర దాటిపోయిన మర్నాడు ఈ రెండూ కలిసి వస్తాయి. కొండ మీద సున్నా గీత దిగి కొత్త మంచు ఉంటుంది, పడమటి గాలి కనుమలోకి తోసుకువస్తుంది. మీ బావగారు చెప్పినవాళ్లు ఎదురుచూసేది ఆ రోజు కోసమే. అయితే అదే గాలి పర్వతం పై భాగాన ఇంకా జోరుగా ఉండి, పైకి తీసుకుపోయే లిఫ్టులను ఆపేయడం కూడా మామూలే.

జవాబు: మైపాడు అల

నేను అమెరికా చూడలేదు, కానీ గాలి, నీళ్ల సంగతి మా ఇంట్లో తరతరాలుగా ఉన్నదే కాబట్టి ఒకటి రెండు మాటలు చెబుతాను.

మనకు పడమటి గాలి అంటే రోహిణి కార్తెలో వడగాడ్పు, తూర్పు గాలి అంటే ఒంటికి హాయి. పైన అన్నగారు రాసినది చదివితే అక్కడ ఈ లెక్క తిరగబడిందని అర్థమవుతోంది, ఎందుకంటే వాళ్ల సముద్రం పడమట ఉంది. కాబట్టి మీరు ఇక్కడి అలవాటుతో ఆకాశం చూసి గాలి అంచనా వేయవద్దు.

రెండోది, కొలంబియా నది తూర్పు నుంచి పడమటికి పారి సముద్రంలో కలుస్తుంది. అంటే పడమటి గాలి నీటి ప్రవాహానికి ఎదురు వీస్తుంది. కృష్ణపట్నం దగ్గర పోటు తగ్గి ఏటి నీళ్లు సముద్రంలోకి లాగే వేళ తూర్పు గాలి ఎదురైతే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. పడవ నడిపేవాడికి అది తలనొప్పి, ఆ పలక ఆట ఆడేవాళ్లకు మాత్రం అదే పండగ అయి ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. గాలి ఒక వైపుకు, ప్రవాహం మరో వైపుకు లాగడం వల్ల మనిషి మరీ దూరం కొట్టుకుపోడు. అదే తూర్పు గాలి వీచే రోజున రెండూ ఒకే దిక్కుకు తోస్తాయి. కొత్తవాడికి ఆ రోజు అసలు పనికిరాదు.

సూచనలో సగటు వేగం పక్కనే విసురు వేగం, అంటే ఉన్నట్టుండి వచ్చే గాలి దెబ్బల వేగం కూడా ఇస్తారు. చాలామంది మొదటిదే చూస్తారు, నేను మాత్రం రెండోదే ముందు చూడమంటాను. సగటు 15, విసురు 30 నాట్లు ఉన్న రోజు కంటే నిలకడగా 20 నాట్లు వీచే రోజు మేలు. గాలి వేగం రెండింతలైతే తెరచాప మీద తోపు నాలుగింతలవుతుంది, ఆ తోపు ఉన్నట్టుండి వస్తే చేతులు ఆపలేవు.

అడిగినవారు (పెన్నా ఒడ్డు)

అన్నగారికీ, మైపాడు మిత్రుడికీ ధన్యవాదాలు. పీడన భేదం సంగతి చదివాక పాత సూచనలన్నీ మళ్లీ తీసి చూశాను, ఇప్పుడు అర్థమవుతున్నాయి. రెండు సందేహాలు మిగిలాయి. కొత్త మంచు పడకుండా వరుసగా ఎండ కాసే రోజుల్లో కొండకు వెళ్లడం దండగేనా? సూచన పటాల మీద 12Z, 00Z అని రాసి ఉంటుంది, అది ఏ ఊరి సమయం?

జవాబు: మార్కాపురం పలక

దండగ కాదు. నా లెక్కలో మొదటిసారి వెళ్లేవారికి అవే మంచి రోజులు. నేను మనాలి దగ్గర పర్వతారోహణ నేర్చుకున్నది వసంతంలోనే, అక్కడ మా గురువు మాకు పగటి ఉష్ణోగ్రత కంటే రాత్రి ఆకాశం ఎలా ఉందో ముందు చెప్పమనేవారు. రాత్రి మబ్బు లేకపోతే మంచు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన ఉన్నా పైపొర గట్టిగా గడ్డకడుతుంది. మబ్బు దుప్పటిలా కప్పి ఉంటే ఆ గడ్డ కట్టడం సరిగా జరగదు. ఇలా కొన్నాళ్లు రాత్రి గడ్డకట్టి పగలు కరిగిన మంచు గుండ్రని గింజలుగా మారుతుంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని మొక్కజొన్నతో పోల్చారు, మన ప్రకాశం జిల్లావాడు చూస్తే జొన్నలు ఆరబోసినట్టుంది అంటాడు. పొద్దున ఎనిమిదింటికి అది అద్దంలా గట్టిగా ఉండి పడితే మోచేతులు చెక్కుకుపోతాయి. పది గంటలకో పదకొండుకో ఒకటి రెండు అంగుళాల మేర మెత్తబడినప్పుడు జారడం చాలా సుఖం. మధ్యాహ్నానికి మోకాలి లోతు గంజిలా అవుతుంది. తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, ఆ తర్వాత పడమర. కాబట్టి సూచనలో మీరు చూడవలసినవి మూడే: రాత్రి మబ్బు, తెల్లవారుజామున కనిష్ఠం, ఎండ ఎక్కే వేళ.

మంచు గంజిలా అయ్యాక లిఫ్టులున్న దారి వదిలి బయటి వాలుల మీదికి వెళ్లకండి. తడిసి బరువెక్కిన మంచు పొరగా జారి వస్తుంది. ఆ ప్రాంతానికి నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ (కొండ మంచు విరిగిపడే ప్రమాదాన్ని హెచ్చరించే సంస్థ) ఐదు మెట్లలో ప్రమాదస్థాయిని ప్రకటిస్తుంది, మూడో మెట్టు నుంచే ఆగిపోవడం నా పద్ధతి. నల్ల కళ్లద్దాలు మరిచిపోవద్దు. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో ఎనభై శాతం దాకా తిప్పికొడుతుంది, నేను ఒక్క పూట అద్దాలు తీసి తిరిగిన పాపానికి ఆ రాత్రంతా కళ్లలో ఇసుక పోసినట్టు ఏడ్చాను.

జవాబు: హిల్స్‌బరో నెల్లూరోడు

Z అంటే గ్రీనిచ్ సమయం. మీరు నెల్లూరులో ఉండి చూస్తే ఐదున్నర గంటలు కలపాలి, ఏప్రిల్‌లో ఒరెగాన్‌లో ఉండి చూస్తే ఏడు గంటలు తీసేయాలి. అంటే 00Z పటం అక్కడ ముందు రోజు సాయంత్రం ఐదు గంటలది, గాలి ఉధృతంగా ఉండే వేళ అదే.

ఎన్ని రోజుల ముందు నమ్మవచ్చన్న ప్రశ్నకు నా అనుభవం ఇది. వారం ముందు వచ్చే సూచనతో సెలవు రోజు అనుకోవచ్చు, అంతే. మూడు రోజుల ముందు వాన తెర ఏ పూట దాటుతుందో తెలుస్తుంది. నది గాలికి మాత్రం ముందురోజు రాత్రి, మళ్లీ ఆ రోజు పొద్దున చూడక తప్పదు. హెచ్ఆర్ఆర్ఆర్ అనే అమెరికా నమూనా (వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ పద్ధతి) మూడు కిలోమీటర్ల గడులతో గంటగంటకూ కొత్తగా లెక్క కడుతుంది. గడులు పెద్దవిగా ఉండే ప్రపంచ నమూనాలకు ఆ ఇరుకు కనుమ సరిగా ఆనదు, అందుకే మీ ఫోనులోని మామూలు యాప్ అక్కడ గాలిని తరచూ తక్కువ చేసి చూపిస్తుంది.

మీరు కొత్తవారు కాబట్టి పాతిక నాట్ల రోజు కోసం ఎదురుచూడకండి. ఎనిమిది నుంచి పన్నెండు నాట్ల రోజు చాలు. హుడ్ రివర్‌లో ద హుక్ అనే చోట ఒడ్డు చుట్టి వచ్చి నీరు నిలకడగా ఉంటుంది, కొత్తవాళ్లు నేర్చుకునేది అక్కడే. నేర్పే బళ్లు ఎక్కువగా వేసవికి తెరుచుకుంటాయి, ఏప్రిల్‌లో ఉంటారో లేదో బావగారిని ముందే ఫోన్ చేసి కనుక్కోమనండి. కరిగిన మంచు నీరు కలిసే ఆ నది ఏప్రిల్‌లో పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మైపాడులో ఈదిన ధీమాతో దిగితే మొదటి నిమిషంలోనే ఊపిరి అందదు, కాబట్టి మందపాటి వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు దుస్తులు), లైఫ్ జాకెట్ లేకుండా నీళ్లలో కాలు పెట్టవద్దు. నది మధ్యలో పెద్ద సరుకు బార్జీలు తిరుగుతుంటాయి, అవి మీ కోసం ఆగలేవు.

కొండకు వెళ్లే రోజున కారుకు స్నో పార్క్ పర్మిట్ (మంచు చోట్ల కారు నిలుపుకునే అనుమతి) ఉండాలి, ఏప్రిల్ 30 దాకా అడుగుతారు. చక్రాల గొలుసులు డిక్కీలో పెట్టుకోండి. బీవర్టన్ నుంచి తెల్లవారుజామున ఆరింటికి బయలుదేరితే మార్కాపురం వారు చెప్పిన పది గంటల మంచు మీకు దొరుకుతుంది.