పీఎస్5లో ఎస్‌ఎస్‌డీ మనమే బిగించుకుంటే నిజంగా మిగిలేదెంత?

వేలచేరి_వీకెండ్
మాది పీఎస్5 (సోనీ గేమ్ కన్సోల్) మొదటి మోడల్, 825 జీబీది. అందులో మన వాడకానికి వదిలేది 667 జీబీ. వంద జీబీ ఆటలు ఆరు పడ్డాయంటే ఇల్లు నిండిపోయినట్టే. చోటు పెంచుకోడానికి ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ కొందామంటే, చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో డ్రైవ్‌కి ఒక రేటు, దాని వేడి లాగే లోహపు రేకు హీట్‌సింక్‌కి ఒక రేటు, ఫిటింగ్‌కి ఇంకో రేటు చెబుతున్నారు. ఫిటింగ్ డబ్బులు మిగుల్చుకుని ఇంట్లోనే బిగించుకోవడం తెలివైన పనా, లేక ఆ కాస్తకి కక్కుర్తిపడి యాభై వేల పెట్టెని పాడుచేసుకోవడమా? మొహమాటం లేకుండా చెప్పండి.

మర_మేస్త్రి
కక్కుర్తి ఏం కాదు తమ్ముడూ. సోనీ లోపల ఎం.2 (సన్నటి పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ రకం) స్లాట్ పెట్టిందే మనం బిగించుకోడానికి. 2021 సెప్టెంబరు అప్‌డేట్‌తో దాన్ని తెరిచారు. అక్కడికి చేరడానికి వారంటీ స్టిక్కర్ ఏదీ చించక్కర్లేదు. టంకం లేదు, వైరు పీకేది లేదు. రెండు స్క్రూల పని.

ముందు సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెయ్. తర్వాత పూర్తిగా ఆపెయ్. నారింజ లైటు వెలుగుతుంటే అది రెస్ట్ మోడ్, ఆపినట్టు కాదు. కేబుళ్లన్నీ పీకి, చల్లారనిచ్చి, స్టాండ్ విప్పి, మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టు. ఏ కవరు ఏ మూల నుంచి లేపి ఎటు జరపాలో మోడల్‌ని బట్టి మారుతుంది. వెనక సీఎఫ్‌ఐ అని ఉన్న నంబర్ చూసి, దానికి తగ్గ వీడియో సోనీ సపోర్ట్ పేజీలో చూశాకే చెయ్యి పెట్టు. లోపల పొడుగాటి లోహపు మూతకి ఒకే స్క్రూ. దానికి ఒకటో నంబర్ స్టార్ స్క్రూడ్రైవర్ కావాలి. ఇంట్లో ఫోన్ల కోసం పెట్టుకున్న సన్నటిది వాడితే తల అరిగిపోతుంది, ఆ తర్వాత ఎవరికిచ్చినా తిట్టుకుంటూ తీస్తారు.

మూత తీస్తే లోపల 30, 42, 60, 80, 110 అని అంకెలు కనపడతాయి. అవి డ్రైవ్ పొడవు మిల్లీమీటర్లలో. ఫ్యాక్టరీ నుంచి స్క్రూ, దాని కింద చిన్న ఉంగరంలాంటి స్పేసర్ 110 దగ్గర ఉంటాయి. మనం కొనేది దాదాపు ఎప్పుడూ 2280 (22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు) కాబట్టి రెండింటినీ 80 దగ్గరకి మార్చాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. స్క్రూ మార్చి స్పేసర్‌ని పాత చోటే వదిలేస్తారు. అప్పుడు బిగించేకొద్దీ బోర్డు కిందికి వంగుతుంది.

డ్రైవ్‌ని ముప్పై డిగ్రీల ఏటవాలుగా దూర్చాలి. బంగారు పళ్లు దాదాపు కనపడకుండా పోవాలి. చివర కొంచెం స్ప్రింగులా పైకి లేస్తుంది, అది మామూలే. వేలితో అదిమి పట్టి స్క్రూ తిప్పు. ఆగిందంటే చాలు, ఇంకో అరతిప్పు వద్దు.

లెక్కల_మావయ్య
బిగించడం వచ్చా రాదా అన్నది తర్వాత. అసలు కొనాలా అన్నది ముందు తేలాలి కదా. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

వంద జీబీ ఆట చెరిపేసి మళ్లీ దింపుకుంటే 100 ఎంబీపీఎస్ లైన్ మీద రెండుంబావు గంటలు. 40 ఎంబీపీఎస్ అయితే ఐదున్నర గంటలు, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఉంటుంది. ఇళ్ల ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి నెలకి 3,300 జీబీ హద్దు. నెలకి పది ఆటలు మార్చినా వెయ్యి జీబీ దాటదు. సేవ్ ఫైళ్లకి వచ్చే ఢోకా లేదు, ఆట చెరిపినా అవి విడిగా ఉంటాయి.

అంత ఓపిక లేకపోతే యూఎస్‌బీ డిస్క్. 2021 ఏప్రిల్ నుంచి పీఎస్5 ఆటల్ని బయటి డిస్క్‌లోకి తరలించి దాచుకోవచ్చు. ఆడాలంటే మళ్లీ లోపలికి తెచ్చుకోవాలి, అంతే. మామూలు హార్డ్ డిస్క్ సెకనుకి 100 ఎంబీ ఇచ్చిందనుకో, వంద జీబీకి పదిహేడు నిమిషాలు. స్నానం చేసి కాఫీ తాగేలోపు అయిపోతుంది. ఇంట్లో పాత డిస్క్ పడుంటే ఖర్చు సున్నా. దీనికన్నా పొదుపేముంది?

వేలచేరి_వీకెండ్
మావయ్యా, ఆ డిస్క్ ముందున్న పోర్ట్‌కి పెడితే గుర్తుపట్టదంటున్నారు, నిజమేనా?

లెక్కల_మావయ్య
మొదటి మోడల్‌లో ముందున్న పెద్ద పోర్ట్ పాతకాలపు 480 ఎంబీపీఎస్‌ది, దానికి పెట్టకు. వెనకున్న రెండింటిలో ఒకదానికి గానీ, ముందున్న టైప్-సీకి గానీ పెట్టు. మధ్యలో హబ్ వద్దు, నేరుగా పెట్టాలి. డిస్క్ కనీసం 250 జీబీ ఉండాలి. పెట్టగానే ఫార్మాట్ చేస్తుంది, కాబట్టి అందులో పెళ్లి ఫోటోలు ఉంటే ముందు తీసి పెట్టుకో.

రిచీస్ట్రీట్_రెగ్యులర్
మావయ్యగారి లెక్క ఒక్కరే ఆడే ఇంటికి సరిపోతుంది. ముగ్గురు మూడు ఆటలాడే ఇంట్లో ప్రతిసారీ పదిహేడు నిమిషాలంటే రోజూ గొడవే. కాబట్టి కొనాల్సిందే అంటాను.

కానీ మేస్త్రిగారితో నాకు పేచీ ఉంది. షాపులోనే బిగించుకుంటే ఒక లాభం ఉంది. డ్రైవ్ మొదట్నుంచే చచ్చినదైతే అక్కడికక్కడే తేలిపోతుంది. ఇంటికి తెచ్చి బిగించాక పనిచేయకపోతే "మీరే పాడుచేశారు" అంటారు. ఫిటింగ్ ఛార్జీ ఇచ్చేది స్క్రూ తిప్పినందుకు కాదు, ఆ పూచీకి.

మర_మేస్త్రి
పూచీ కావాలంటే బిల్లు అడుగు, ఫిటింగ్ కాదు. ఎస్‌ఎస్‌డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంది కాబట్టి "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అనే మాట వినపడుతుంది. అక్కడ తగ్గేది ధర కాదు, వారంటీ. పేరున్న డ్రైవ్‌లకి ఐదేళ్ల వారంటీ ఉంటుంది. కౌంటర్ దగ్గరే సీరియల్ నంబర్‌ని కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూడు. డబ్బా లేకుండా ట్రేలో వచ్చే సరుకు చాలావరకు కంప్యూటర్ కంపెనీలకి టోకున అమ్మినది, దానికి మనకి వారంటీ రాదు. చచ్చిందో బతికిందో తేల్చుకోవాలంటే షాపులో ఏదో ఒక కంప్యూటర్‌లో పెట్టి చూపించమంటే సరిపోతుంది. దానికి పీఎస్5 మోసుకెళ్లనక్కర్లేదు.

షాపుకిస్తే ఇంకో ప్రమాదం ఉంది. "తెరిచాం కదా, దుమ్ము దులిపి పేస్ట్ కూడా మార్చేస్తాం" అంటారు. పీఎస్5 ప్రాసెసర్ మీద ఉన్నది మామూలు పేస్ట్ కాదు, ద్రవలోహం. కరెంటు పారే పదార్థం. చుట్టూ ఉన్న అంచు చెదిరి ఒక్క బొట్టు బోర్డు మీదకి జారితే షార్ట్. ఎస్‌ఎస్‌డీ స్లాట్ ఆ భాగానికి చాలా పైన, విడిగా ఉంది. దాని కోసం అంత లోపలికి పోయే అవసరమే లేదు. ఎవరికైనా ఇచ్చేటట్లయితే "స్లాట్ మూత తప్ప ఇంకేం విప్పొద్దు" అని ముందే చెప్పి, ఎదురుగా నిలబడండి.

రిచీస్ట్రీట్_రెగ్యులర్
ద్రవలోహం సంగతి ఒప్పుకుంటున్నా. బిల్లు సంగతీ ఒప్పుకుంటున్నా. కానీ చెయ్యి వణికేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లకి ఫిటింగ్ ఛార్జీ తప్పేం కాదు.

అడయార్_ఎస్‌ఎస్‌డీ
అసలు డబ్బు మిగిలేది ఫిటింగ్‌లో కాదు బాబూ, డ్రైవ్ ఎంపికలో. మూడు చోట్ల జనం అనవసరంగా పోస్తున్నారు.

డబ్బా మీద పీఎస్5 బొమ్మ ఉందని ఎక్కువ పెట్టడం ఒకటి. డబ్ల్యూడీ ఎస్ఎన్850పీ అలా సోనీ లైసెన్స్‌తో వచ్చేది. లైసెన్స్ లేని మంచి డ్రైవ్ కూడా అదే పని చేస్తుంది. రెండోది జెన్5, అంటే ఐదో తరం వేగపు డ్రైవ్ కొనడం. పనిచేస్తుంది, కానీ స్లాట్ జెన్4, కాబట్టి ఆ పైవేగం దండగ. ఇక హీట్‌సింక్ ఉన్న రకానికీ లేని రకానికీ తేడా చూడు. విడి అల్యూమినియం హీట్‌సింక్ కొన్ని వందల్లో దొరుకుతుంది. తేడా అంతకన్నా ఎక్కువుంటే విడిగా కొనడమే మేలు.

కొలత మాత్రం టేపు పెట్టి చూడు. హీట్‌సింక్‌తో కలిపి మొత్తం మందం 11.25 మి.మీ. దాటకూడదు. అందులో బోర్డు పైన 8 మి.మీ., కింద 2.45 మి.మీ. మించకూడదు. వెడల్పు 25 మి.మీ. లోపు. కంప్యూటర్ల కోసం చేసిన కోట బురుజుల్లాంటివి పెడితే మూత పడదు. డ్రైవ్‌ని రెండువైపులా చుట్టే రకంలో కింది రేకు మందమైతే అదీ తంటానే.

డ్రైవ్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పెట్టే థర్మల్ ప్యాడ్‌కి రెండువైపులా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. రెండూ పీకాలి. ఒకటి మర్చిపోతే హీట్‌సింక్ ఉన్నా లేనట్టే. డ్రైవ్ మీదున్న కంపెనీ స్టిక్కర్ జోలికి మాత్రం పోకు, అది చిరిగితే వారంటీ పోయినట్టే. ప్యాడ్ దాని మీదే అంటించు.

లెక్కల_మావయ్య
మరి వేగం సంగతి? 5,500 ఎంబీ కన్నా తక్కువైతే ఆటలు ఆగిపోతాయని భయపెడుతున్నారు.

అడయార్_ఎస్‌ఎస్‌డీ
సోనీ సిఫార్సు సెకనుకి 5,500 ఎంబీ చదివే వేగం, లేదా అంతకన్నా ఎక్కువ. పెట్టగానే పీఎస్5 తనే కొలిచి చూపిస్తుంది, తక్కువైతే హెచ్చరిస్తుంది. కాస్త తక్కువ డ్రైవ్‌తో కూడా లోడింగ్‌లో తేడా ఒకట్రెండు సెకన్లకి మించి కనపడదు. అయినా నేను కొనమనను, ధర తేడా పెద్దగా లేనప్పుడు హద్దు మీద నడవడం ఎందుకు? జెన్3 డ్రైవ్‌లనీ, సాటా (పాత, నెమ్మది రకం) ఎం.2నీ అయితే అసలు ఒప్పుకోదు. ల్యాప్‌టాప్ నుంచి పీకిన పాత ముక్కలు చాలావరకు ఈ కోవలోవే.

ఇంకోటి. చవక డ్రైవ్‌లలో సొంత డీర్యామ్ (పని కోసం వాడుకునే చిన్న మెమరీ) ఉండదు, కంప్యూటర్ మెమరీలో కొంత అప్పు తీసుకుని నడుస్తాయి. ఆ అప్పు ఇచ్చే ఏర్పాటు పీఎస్5లో లేదు. అందుకని డబ్బా మీద 7,000 అని ఉన్నా దీంట్లో కొంత తగ్గొచ్చు. ఆట ఆగిపోదు. కానీ ధర దగ్గరదగ్గరగా ఉంటే డీర్యామ్ ఉన్నదే తీసుకో. ఎస్ఎన్850ఎక్స్, శామ్‌సంగ్ 990 ప్రో ఆ రకమే.

రిచీస్ట్రీట్_రెగ్యులర్
రోజూ చెరిపి దింపుతుంటే డ్రైవ్ అరిగిపోదా?

అడయార్_ఎస్‌ఎస్‌డీ
ఆ రెండింటి 1 టీబీ రకానికీ 600 టెరాబైట్లు రాసేదాకా కంపెనీ పూచీ. రోజూ వంద జీబీ ఆట దింపినా ఆరు వేల రోజులు, పదహారేళ్లు పైచిలుకు. అప్పటికి ఈ పీఎస్5ని అటక మీంచి దింపి చూపించాలి.

పెరంబూర్_నైట్‌షిఫ్ట్
వేడి గురించి ఎవరూ మాట్లాడరేం? మే నెల కత్తిరి ఎండల్లో ఏసీ లేని గది ఎలా ఉంటుందో మనకి తెలుసు. ఇలాంటి డ్రైవ్‌లు చాలావరకు 80 డిగ్రీల చుట్టుపక్కలకి వస్తే తమంతట తామే నెమ్మదిస్తాయి. హీట్‌సింక్ లేకుండా పెడితే చెన్నైలో ఆ హద్దు తొందరగానే వస్తుంది. గాలి ఆడుతుందని లోహపు మూత తీసేసి వదిలేసేవాళ్లున్నారు, అది తప్పు. మూతతో సహా బిగించమనే సోనీ చెబుతోంది.

బిగించేటప్పుడు ఇంకో తలనొప్పి చెమట. వంగి పనిచేస్తుంటే నుదుటి మీంచి ఒక చుక్క స్లాట్‌లో పడిందంటే అంతే. ఫ్యాన్ కింద, తువ్వాలు మెళ్లో వేసుకుని చెయ్యండి. ఈ ఉక్కపోతలో స్టాటిక్ కరెంటు భయం తక్కువే గానీ, ఏసీ గదిలో నైలాన్ దుప్పటి మీద మాత్రం పెట్టొద్దు. చల్లటి లోహాన్ని ఓసారి ముట్టుకుని మొదలుపెట్టండి. స్క్రూని పట్టుకునే అయస్కాంతపు మొన ఉన్న స్క్రూడ్రైవర్ ఉంటే హాయి, పక్కనే ఫ్యాన్ నోరు తెరుచుకుని ఉంటుంది.

తిరువాన్మియూర్_పాతపెట్టె
పీఎస్4 వాళ్లనీ కాస్త పట్టించుకోండి. లోపలి డిస్క్ మార్చాలా? ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉన్న మిత్రుడి తరఫున కూడా అడుగుతున్నా.

మర_మేస్త్రి
పీఎస్4లో 9.5 మి.మీ. లోపు మందం ఉన్న 2.5 అంగుళాల సాటా డిస్క్ ఏదైనా పడుతుంది. పని సులువే, సాఫ్ట్‌వేర్ ఎక్కించడమే విసుగు. పెన్‌డ్రైవ్‌లో పీఎస్4 అనే ఫోల్డర్, అందులో అప్‌డేట్ అనే ఫోల్డర్, రెండూ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో. అందులో పూర్తి రీఇన్‌స్టాల్ ఫైలు వెయ్యాలి. మామూలు అప్‌డేట్ ఫైలు దాదాపు సగం సైజుంటుంది, అది వేస్తే ముందుకు పోదు. సేఫ్ మోడ్ కోసం రెండో బీప్ దాకా పవర్ బటన్ నొక్కి పట్టి, ఏడో ఆప్షన్ ఎంచుకోవాలి. ముందే సేవ్‌లు పెన్‌డ్రైవ్‌కో క్లౌడ్‌కో పంపు. ఇన్వర్టర్ మీద పెట్టి చెయ్, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తావు.

లెక్కల_మావయ్య
ఇక్కడ మాత్రం విప్పనే వద్దంటాను. పీఎస్4 ఆటలు యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ మీంచే ఆడతాయి. ఒక్క స్క్రూ తియ్యక్కర్లేదు. రేపు పీఎస్5 కొంటే అదే డ్రైవ్ తీసి దానికి పెట్టు, ఆ ఆటలు అక్కడా ఆడతాయి. మేస్త్రిగారూ, దీనికి జవాబు చెప్పండి.

మర_మేస్త్రి
పీఎస్4 వరకు మీదే గెలుపు మావయ్యా.

సిరీస్ ఎస్ మిత్రుడికి దారి ఇరుకే. 512 జీబీలో వాడుకునేది 364. వెనకున్న స్లాట్‌కి దాని సొంత ఎక్స్‌పాన్షన్ కార్డే పెట్టాలి, అదే సైజు ఎం.2 కన్నా ఖరీదు. లోపలి డ్రైవ్ మనం మార్చుకోడానికి పెట్టింది కాదు, విప్పొద్దు. చవక అడాప్టర్‌లో ఎం.2 పెట్టి ఆ స్లాట్‌లో దూర్చే చిట్కాలు తిరుగుతుంటాయి. అన్ని డ్రైవ్‌లనీ అది తీసుకోదు, ఆ డబ్బు మీద ఆశ వదులుకున్నవాళ్లే చెయ్యాలి. పాత ఎక్స్‌బాక్స్ వన్ ఆటలన్నీ యూఎస్‌బీలోకి నెట్టి, లోపలి చోటు కొత్తవాటికి వదలమని చెప్పు.

వేలచేరి_వీకెండ్
సరే, మేమూ ముగ్గురమే కాబట్టి కొంటున్నా, నేనే బిగిస్తా. 1 టీబీయా 2 టీబీయా?

అడయార్_ఎస్‌ఎస్‌డీ
రెండింటి ధరా వాటి జీబీలతో భాగించు. స్లాట్ ఒక్కటే, 8 టీబీ దాకా తీసుకుంటుంది. 2 టీబీలో జీబీ ధర 1 టీబీతో సమానమైనా, పెద్దదే తీసుకో. తర్వాత పెంచుకుందాం అనుకుంటే 1 టీబీది ఖాళీగా మిగులుతుంది. అప్పుడు దాన్ని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి మావయ్యగారి పద్ధతిలో గోడౌన్‌లా వాడుకోవచ్చు గానీ, ఆ డబ్బాకీ డబ్బులే.

వేలచేరి_వీకెండ్
బిగించి ఆన్ చేశాక ఫార్మాట్ అడిగే తెర రాకపోతే?

మర_మేస్త్రి
ఆపేసి, కేబుల్ పీకి, డ్రైవ్ తీసి మళ్లీ దూర్చు. పదిలో తొమ్మిది సార్లు పూర్తిగా లోపలికి పోకపోవడమే. వచ్చాక సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి ఇన్‌స్టాలేషన్ లొకేషన్‌ని ఎం.2కి మార్చడం మర్చిపోకు, లేకపోతే కొత్త ఆటలన్నీ మళ్లీ ఆ 667 లోకే దిగుతాయి.