మామిడి తోట కాపలాకి రాజపాళయం కుక్క పనికొస్తుందా? దీని పుట్టుక, గుణం తెలిసినవాళ్లు చెప్పండి

మదనపల్లె_తోట

అందరికీ నమస్కారం. మదనపల్లె దగ్గర మాకు మామిడి తోట ఉంది, తోటలోనే ఇల్లు. అమ్మానాన్న అక్కడే ఉంటారు, నేను ఉద్యోగం కోసం బెంగళూరులో ఉంటాను. ఈమధ్య మా చుట్టుపక్కల బోర్ల దగ్గర కేబుల్ వైర్లు కోసుకుపోతున్నారు, రాత్రయితే అడవి పందులు కూడా దిగుతున్నాయి. పెద్దవాళ్లిద్దరే ఉండేసరికి నాకు ఇక్కడ టెన్షన్. మా బావ రాట్‌వీలర్ తెచ్చుకో అంటున్నాడు గానీ మా ఎండలకి అది తట్టుకుంటుందా అని అనుమానం, పైగా నాకు ఎప్పటినుంచో రాజపాళయం మీదే మనసు.

ఇది మన తెలుగువాళ్లు పెంచిన జాతి అని విన్నాను, నిజమేనా? ఒక్క మనిషి మాటే వింటుందంటారు, అలాంటప్పుడు నాన్న ఊళ్లో లేని రోజు అమ్మ మాట వింటుందా? తోటలోకి కూలీలు వస్తుంటారు, సెలవులకి అక్క పిల్లలు వస్తారు, నాటుకోళ్లు కూడా ఉన్నాయి. కుక్కపిల్లలు అమ్మే ఒకాయన ఫోన్‌లో "ముక్కు ఎంత గులాబీ రంగులో ఉంటే అంత ఒరిజినల్" అన్నాడు, ఇందులో ఎంత నిజం ఉందో కూడా చెప్పండి.

సంజీవిమల

మాది రాజపాళయమే తమ్ముడూ. తమిళనాడులో విరుదునగర్ జిల్లా, పడమటి కనుమల కింద ఉంటుంది మా ఊరు. విజయనగర రాజుల కాలంలో తెలుగు నేల నుంచి దక్షిణానికి వెళ్లి అక్కడ స్థిరపడిన రాజుల కుటుంబాలు మావి, ఈ రోజుకీ ఇళ్లల్లో తెలుగే మాట్లాడతాం. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారిది కూడా మా ఊరే. ఈ కుక్కను తరతరాలుగా సాకింది మా పెద్దలూ, చుట్టుపక్కల పాళెగాళ్లూ. కాబట్టి నువ్వు విన్నది నిజమే, కాకపోతే అది పుట్టి పెరిగిన నేల మాత్రం మా ఊరు, ఆ కొండల కింది మెట్టభూములు. పాళెగాళ్లు ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడినప్పుడు ఈ కుక్కలు గుర్రాల కాళ్ల మీదికి దూకాయని మావైపు కథలు కథలుగా చెప్పుకుంటారు. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద నాలుగు స్టాంపులు వేస్తే అందులో ఇదీ ఒకటి.

ఇక గుణం సంగతి. ఇది మొదట వేటకుక్క, అందులోనూ అడవి పంది వేటకి వాడిన కుక్క, ఆ తర్వాతే కాపలా కుక్క. ఈ వరస గుర్తుపెట్టుకుంటే దీని నడవడి సగం అర్థమవుతుంది. వాసన కన్నా కంటికి కనిపించిన కదలికనే ఎక్కువ పట్టించుకుంటుంది, పరుగెత్తేదాన్ని చూస్తే వెంటపడకుండా ఉండలేదు. ఊరికే మొరగదు. కొత్తవాళ్లు చెయ్యి వేస్తే నచ్చదు, పక్కకి తప్పుకుని నిలబడి చూస్తూ ఉంటుంది, గేటు దాటి లోపలికి అడుగు వేస్తే మాత్రం ఊరుకోదు. ఒక్కరికే అలవాటుపడుతుందన్న మాట చాలావరకు నిజం, కానీ దానికి కారణం మనం పెంచే తీరే. పిల్లగా ఉన్నప్పుడు ఒక్క మనిషే తిండి పెట్టి, ఒక్క మనిషే తిప్పి, మిగతావాళ్లు దూరంగా ఉంటే ఇంకెవరిని దగ్గరకి రానిస్తుంది? మొదటి రోజు నుంచీ ఒక పూట అమ్మ చేత పెట్టించు, కూలీలు ఉన్న వేళ పక్కన మనిషిని ఉంచి వాళ్ల మధ్య తిప్పించు. రెండేళ్లు వస్తే గానీ దానికి పూర్తి బుద్ధి రాదు, అప్పటిదాకా ఓపిక పట్టాలి.

నన్ను బాగా బాధపెట్టేది ఒకటుంది, పగలంతా గొలుసుతో కట్టెయ్యడం. ఈ జాతి దానికి తట్టుకోదు. రోజంతా కట్టేసి రాత్రి వదిలితే కాపలా కాయదు, కనిపించిన ప్రతి మనిషి మీదికీ వస్తుంది, చివరికి కుక్క మంచిది కాదని దానికే పేరు పెడతారు. తోట చుట్టూ కంచె గట్టిగా ఉండి, ఉదయం, సాయంత్రం అది మనసారా పరుగెత్తే వీలుంటేనే తెచ్చుకో, లేకపోతే వద్దు.

పశువుల_డాక్టర్

ముక్కు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఈ మాట నమ్మి కుక్కపిల్లని తెచ్చి, తర్వాత పిలిస్తే పలకడం లేదని నా దగ్గరికి వచ్చినవాళ్లని చూశాను. పాలలాంటి తెలుపు, గులాబీ ముక్కు ఈ జాతి లక్షణాలే, అందులో అబద్ధం లేదు. కానీ రంగునిచ్చే కణాలు చర్మంలోనే కాదు, లోపలి చెవిలో కూడా ఉండాలి. అక్కడ అవి లేకపోతే వినికిడికి పనికొచ్చే కణాలు పుట్టిన కొన్ని వారాలకే చచ్చిపోతాయి, ఇక ఏ మందూ పనిచెయ్యదు. తరాల తరబడి తెల్లవాటినే ఏరి, మచ్చలున్న పిల్లల్ని పక్కన పడేసి, కొన్నిచోట్ల చంపేసి కూడా, మనుషులే ఈ చెవుడు జాతిలో పెంచారు. గోధుమ రంగో నల్ల మచ్చో ఉన్న రాజపాళయం పిల్ల కూడా రాజపాళయమే. కాపలాకి కావలసింది చెవులు, ముక్కు రంగు కాదు.

పిల్లని ఎంచుకునేటప్పుడు ఒకే ఈతలో పుట్టినవాటి మధ్య పరీక్ష చెయ్యకండి. చెవిటి పిల్ల పక్కదాన్ని చూసి అదీ తల తిప్పేస్తుంది, మీకు తెలియదు. దాన్ని ఒక్కదాన్నే వేరే గదిలోకి తీసుకెళ్లి, అటు తిరిగి ఉన్నప్పుడో నిద్రపోతున్నప్పుడో తాళాల గుత్తి కదిలించండి. చప్పట్లు కొడితే గాలి తగిలి, కాలు నేలకేసి కొడితే అదురు తెలిసి చూస్తుంది, అందుకని ఆ రెండూ వద్దు. ఒక చెవి మాత్రమే పోతే ఈ పద్ధతిలో దొరకదు, దానికి మెదడు తరంగాలతో చేసే బేయర్ టెస్ట్ ఒక్కటే దారి. కనీసం తల్లినీ తండ్రినీ చూడనివ్వమని అడగండి, చూపించనంటే అక్కడ కొనొద్దు.

తెచ్చాక 6 నుంచి 8 వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలుపెట్టాలి, మూడో నెలలో రేబిస్ టీకా. వెంట్రుక పొట్టిగా ఉంటుంది కాబట్టి వేడికి రాట్‌వీలర్ కన్నా చాలా నయం, అయితే గులాబీ ముక్కు, చెవుల చివరలు మిట్టమధ్యాహ్నం ఎండకి కమిలిపోతాయి, నీడ ఉండేలా చూడండి. తోటల్లో పిడుదులు ఎక్కువ, వాటివల్ల వచ్చే జ్వరంలో రక్తకణాలు పడిపోతాయి, తిండి మానేస్తే ఆలస్యం చెయ్యకుండా రక్తపరీక్ష చేయించండి.

కోంబై_ప్రేమికుడు

నేను కొంచెం వేరుగా చెప్తాను, సంజీవిమల అన్నా ఏమీ అనుకోవద్దు. కాపలాయే ముఖ్యమైతే కోంబై చూడండి. అది కూడా తమిళనాడుదే, తేని జిల్లా కోంబై ప్రాంతంలో పుట్టింది. ఎర్రమట్టి రంగు ఒళ్లు, నల్లటి మూతి, బరువైన దవడ, రాజపాళయం కన్నా పొట్టిగా దిట్టంగా ఉంటుంది. తన హద్దు తనకి బాగా తెలిసిన కుక్క. అన్నిటికన్నా ముందు, వయసు పైబడిన అమ్మానాన్న 70 సెంటీమీటర్ల ఎత్తున్న వేటకుక్కని పట్టుకోగలరా అన్నది ఆలోచించాలి. ఒక కుందేలు కనబడిందంటే చేతిలో గొలుసు ఆగదు, మనిషి కింద పడతాడు. ఈ మాట ఎవరూ అనలేదని రాస్తున్నాను.

సంజీవిమల

కోంబై తమ్ముడు పెట్టిన ప్రశ్న సరైనది, దానికి నేను అడ్డు చెప్పను. అయితే కోంబైని పట్టుకోవడం కూడా పెద్దవాళ్లకి తేలికేమీ కాదు, దానికి కోపం కూడా త్వరగా వస్తుంది. మదనపల్లె తమ్ముడూ, పిల్ల వచ్చిన మొదటి ఏడాది నువ్వు వారం వారం వచ్చి దానితో గడపగలిగితే రాజపాళయమే తెచ్చుకో, రాలేనంటే మీ ఊళ్లోనే మంచి నాటు కుక్కపిల్లల్ని రెండింటిని పెంచండి. అడుగుల చప్పుడు వినగానే ఇంట్లోవాళ్లని లేపడానికి అవి చాలు, మీకు కావలసింది కూడా అదే కదా.

మదనపల్లె_తోట

అందరికీ చాలా థాంక్స్. శని, ఆదివారాలు రాగలను, అమ్మ కూడా పెంచడానికి సరే అంది. ఇంకో రెండు సందేహాలు. కోళ్లతో కలిసి ఉంటుందా? రాత్రి తోటలో వదిలితే పందుల్ని అదే తరుముతుందా?

సంజీవిమల

చిన్నప్పటి నుంచి కోళ్ల మధ్య తిప్పితే మీ కోళ్లని వదిలేస్తుంది, పక్కింటి కోడి గోడ దాటి వస్తే మాత్రం నేను హామీ ఇవ్వలేను. నువ్వు లేనప్పుడు కోళ్లని గంప కిందో జాలీలోనో ఉంచమని చెప్పు.

పశువుల_డాక్టర్

పందుల మీదికి కుక్కని ఉసిగొల్పడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అది వద్దు. పంట పోతే అటవీ శాఖకి అర్జీ పెట్టుకోండి. పైగా మగపంది కోరలతో పొట్ట చీలిన కుక్కలకి కుట్లు వేశాను, అన్నీ బతకలేదు. ఇంకొకటి, పక్క చేలల్లో పందుల కోసమని దొంగచాటుగా కరెంటు తీగలు ఎవరైనా కడుతున్నారేమో పిల్లని తేవడానికి ముందే కనుక్కోండి. కడుతుంటే కంచె పూర్తయ్యేదాకా రాత్రిపూట దాన్ని బయటికి వదలొద్దు, ఇంటి ముందు గేటు వేసిన ఆవరణలోనే ఉంచండి, అమ్మానాన్న కూడా చీకట్లో అటు వెళ్లకుండా చూడండి.