మక్తా అంటే ఏమిటి? పాత పుస్తకాల్లో ఎలా దొరుకుతుంది?

ప్రశ్న: అందరికీ నమస్తే. ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మక్తా ఉంది, మియాపూర్ వైపు మక్తా మహబూబ్‌పేట ఉంది. ఈ మక్తా ఏమిటి? మా బస్తీ చరిత్ర రాద్దామని కూర్చున్నాను. ఇప్పటి బోర్డుల మీదున్న ఇంగ్లీషు స్పెల్లింగ్ కొట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో (పాత పుస్తకాల స్కాన్లు ఉచితంగా దొరికే సైటు) వెతికితే పనికొచ్చే పుస్తకం ఒక్కటీ రాలేదు.

జవాబు: అన్నా, మంచి మాట పట్టుకున్నారు. మక్తా అంటే గుత్త. పంట ఎంత పండినా సర్కారుకు ఇంతే కడతామని ముందే ఖాయం చేసుకున్న శిస్తు, ఆ ఒప్పందం మీద ఇచ్చిన భూమి లేదా ఊరు. అరబ్బీలో కోయడం, తెంచడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ముషాయిరాలకు వెళ్లేవాళ్లకు గజల్ చివరి షేర్‌ను (రెండు పాదాల పద్యాన్ని) మఖ్తా అంటారని తెలుసు కదా, అదీ ఆ ధాతువుదే. మనమూ బేరం కుదిరితే ‘బేరం తెగింది’ అంటాం. ఎక్కడి అరబ్బీ, ఎక్కడి తెలుగు!

వెతకడం విషయానికొస్తే, అసలు చిక్కంతా స్పెల్లింగ్‌లోనే. అప్పటి ఇంగ్లీషు దొరలు మన ‘అ’ శబ్దానికి ఎక్కువగా ‘యు’ అక్షరం వాడేవారు. చాదర్‌ఘాట్‌ను చుద్దర్‌ఘాట్ అని, తిరుమలగిరిని ట్రిముల్‌ఘెర్రీ అని రాసుకున్నది వాళ్లే. కాబట్టి మక్తాలో ‘ఎం’ పక్కన ‘యు’ పెట్టి చూడండి. తర్వాత ‘కె’ తీసి ‘క్యూ’ పెట్టి చూడండి. ముందు ‘బిల్’ చేర్చి బిల్‌మక్తా అని కూడా కొట్టండి. ఊరి పేర్లదీ ఇదే గొడవ. 1905కి ముందు పుస్తకాల్లో కరీంనగర్ జిల్లా కావాలంటే ఎల్గందల్ అని, నిజామాబాద్ కావాలంటే ఇందూరు అని అడగాలి.

మొదట తెరవాల్సింది విల్సన్ 1855లో వేసిన రెవెన్యూ, కోర్టు పదాల కోశం. ఉచితంగానే దొరుకుతుంది, చాలా మాటలు తెలుగు లిపిలో కూడా ఉంటాయి. తర్వాత బిల్‌గ్రామీ, విల్మట్ కలిసి నిజాం రాజ్యం మీద రాసిన రెండు సంపుటాలు (1883-84), 1909 నాటి హైదరాబాద్ స్టేట్ గెజిటీర్. తెలుగు అర్థాలకు ఆంధ్రభారతి సైటులోని నిఘంటువులు చాలు. ఉర్దూ చదవగలిగితే ఉర్దూ పుస్తకాల సైటు రేఖ్తా కూడా చూడండి, మీ పని సగం తేలికవుతుంది.

ఇంకొకరు: డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తెలుగు పుస్తకాలు కూడా ఆర్కైవ్‌లోనే ఉన్నాయి కదా, వాటి మాటేమిటి?

జవాబు: ఉన్నాయి, బోలెడు. కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ‘చరిత్రము’ ఒక్కదానికే రకరకాల అవతారాలు. పైగా తెలుగు స్కాన్లలో లోపలి మాట వెతికితే దొరుకుతుందన్న నమ్మకం లేదు. పేరుతో రాకపోతే రచయితతో, అదీ కాకపోతే ముద్రణ సంవత్సరంతో చూడాలి. ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర దొరికితే వదలకండి. ఆయన 1830లో బయల్దేరి మన హైదరాబాద్ మీదుగానే వెళ్లాడు. అలాంటివాటిని విషయసూచిక చూసి, పేజీ పేజీ తిప్పుతూ చదువుకోవాల్సిందే. ఓపిక ఉండాలి మరి.

ఇంకో సంగతి. పాత కాగితాల్లో సంవత్సరం 1358 అని కనిపిస్తే కంగారుపడొద్దు. అది ఫసలీ, అంటే శిస్తు లెక్కల కోసం వాడిన సంవత్సరం. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలుపుకోవాలి. జాగీర్ల రద్దు చట్టం 1358 ఫసలీ నాటిదే, అంటే 1949 ఆగస్టు. జాగీరు అంటే ఏమేమిటో అందులో నిర్వచించారు: పాయగా, సంస్థానం, అగ్రహారం, ముకాసా అనే రకాల భూములతో పాటు మక్తా కూడా ఉంది. మీ బస్తీ చరిత్రకు ఇది గట్టి ఆధారం. చట్టం పాఠం కూడా ఉచితంగానే దొరుకుతుంది. అందులో మక్తా స్పెల్లింగ్ ఎలా ఉందో కూడా చూసుకోండి.

మరొకరు: అయితే మా పాలమూరు వైపు మక్తల్ కూడా ఇందులోంచి వచ్చిందేనా సార్?

జవాబు: చెప్పలేం మేడమ్. శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు. ముందు ఆ ఊరి పేరు పాత శాసనాల్లో, గెజిటీర్‌లో ఎలా రాశారో చూడండి. ‘ల్’ ఎక్కడిదో తేలితే అప్పుడు మాట్లాడుకుందాం.