మారతహళ్లి ఆఫీసులో వైఫై: రాడార్ దెబ్బా, పవర్ లోపమా?

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న కంపెనీలో నెట్‌వర్క్ పని చూస్తుంటాను. నాలుగో అంతస్తులో 12 యాక్సెస్ పాయింట్లు (ఏపీలు, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) ఉన్నాయి. రోజుకు రెండు మూడుసార్లు కిటికీల వైపు కూర్చునేవాళ్ల కాల్స్ ఒక్కసారిగా తెగిపోతున్నాయి. వెంటనే అందరూ నా సీటు వైపు తిరిగి చూస్తారు, అదో టెన్షన్.

లాగ్‌లో "ఛానెల్ 100, రాడార్ డిటెక్టెడ్" అని ఉంది. పాత ఎయిర్‌పోర్టు మాకు దగ్గరే. రాడార్ కనబడితే ఏపీ 10 సెకన్లలో ఛానెల్ వదిలేసి, 30 నిమిషాలు మళ్లీ అటు పోకూడదని తెలుసు. కానీ ఇది నిజమైన రాడారా, ఏపీ పొరపాటు పడుతోందా? ఎలా తేల్చుకోవాలి?

రాడార్‌తో పంచుకోవాల్సిన 52 నుంచి 144 దాకా ఛానెళ్లు తీసేస్తే, 80 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెళ్లు రెండే మిగులుతాయి. 12 ఏపీలకు ఏం సరిపోతాయి! 20కి దిగితే 9 వస్తాయి, స్పీడ్ పడిపోతుందని మేనేజర్ గారు ఒప్పుకోవట్లేదు. 40 పెట్టి నడిపినవాళ్లెవరైనా ఉన్నారా?

ఇంకోటి. ఏపీలకు నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు ఇచ్చే మా పాత స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్లే ఇస్తుంది, ఏపీ 30 వాట్ల పోర్టు అడుగుతోంది. డ్యాష్‌బోర్డులో పసుపు గుర్తు కూడా వెలుగుతోంది. కాల్స్ తెగడానికి దీనికీ సంబంధం ఉంటుందా? ఇంజెక్టర్ (కేబుల్‌లోకి విడిగా కరెంటు ఎక్కించే చిన్న పెట్టె) పెట్టి చూడాలంటే ముందు ఏ ఏపీతో మొదలుపెట్టమంటారు?