ట్రోపోనిన్ 0.02 నుంచి 24 అయింది, తెలిసినోళ్ళు చెప్పండి

రాజోలు_అబ్బాయి:
పొద్దున్నే నాన్నగారు రొయ్యల చెరువుకి మేతేసి వచ్చి గుండెల్లో పట్టేసినట్టుందిరా అన్నారు, గ్యాసేమోనని సోడా పట్టించాం (తప్పే, తిట్టకండి), తగ్గకపోతే ఊళ్ళోనే చూపించాం. ఈసీజీ బానే ఉంది, ట్రోపోనిన్ (గుండె కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీనంట) 0.02 అన్నారు. అక్కణ్ణుంచి అమలాపురం తీసుకొస్తే మళ్ళీ అదే టెస్టు, ఇప్పుడు 24! వెయ్యి రెట్లు పెరిగిపోయిందని అమ్మ ఒకటే ఏడుపు. పైగా మూడు గంటలాగి ఇంకోసారి తీస్తారంట, బిల్లు కోసమా ఏంటండి ఇది?

భీమవరం_ల్యాబ్:
ఆయ్, ముందు అమ్మగారిని ఊరుకోమనండి. రెండు రిపోర్టుల్లోనూ అంకె పక్కన యూనిట్ చూడండి, మొదటిది నానోగ్రామ్ పర్ ఎమ్మెల్, రెండోది పర్ లీటర్ అయ్యుంటుంది. 0.02ని వెయ్యితో హెచ్చవేస్తే 20, అంతే. అలాగని 20 నుంచి 24కి పెరిగిందనీ లెక్కెయ్యకండి, దీంట్లోనే రకాలున్నాయి, ఒకచోట ట్రోపోనిన్ ఐ ఇంకోచోట టి చేసుంటే అసలు పోల్చకూడదు, నార్మల్ హద్దులే వేరు. అందుకే ఒకే మెషీన్ మీద మళ్ళీ తీస్తారు. గుండె కండ దెబ్బతిన్నా ఇది రక్తంలో తేలడానికి కొన్ని గంటలు పడుతుంది, నొప్పొచ్చిన గంటకే తీసి నెగెటివ్ అని ఇంటికి పంపేస్తేనే ప్రమాదం. పెరుగుతోందా, ఉన్నచోటే ఉందా అన్నదే డాక్టరు చూసేది.

కాకినాడ_మెడికో:
ట్రోపోనిన్ అంటే మన కాలవ లాకు అనుకోండి, ఐ, టి, సి అని మూడు ముక్కలు. కండ ఊరికే ఉన్నప్పుడు ట్రోపోనిన్ ఐ తలుపు మూసి పట్టుకుంటుంది, కాల్షియం వచ్చి సి ముక్కని పట్టుకోగానే తలుపు జరిగి కండ ముడుచుకుంటుంది, టి ఏమో మొత్తాన్ని ట్రోపోమయోసిన్ అనే తాడుకి కట్టేసి ఉంచుతుంది. లాకు తలుపు తీసే లస్కరు పని కాల్షియానిదన్నమాట, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఇదే తంతు. 1960ల్లో జపాన్‌లో ఎబాషి అనే ఆయన కనిపెట్టారు దీన్ని. గుండెలో ఉండే ఐ, టి కాళ్ళూచేతుల కండల్లో వాటికంటే వేరుగా ఉంటాయి కాబట్టే అవి రక్తంలో కనబడితే గుండె నుంచి వచ్చాయని పట్టుకోగలుగుతున్నాం, సి మాత్రం వేరే కండల్లోనూ ఉంటుంది కనక టెస్టుకి పనికిరాదు.

గోదారి_గట్టు:
పెరిగితే హార్ట్ అటాకేనని కూడా ఖాయం చేసుకోకండి బాబూ. మా మావయ్యకి డయాలసిస్, ఆయనకి ఎప్పుడు తీసినా ఎక్కువే, పాత రిపోర్టుతో పోల్చి చూస్తారు. నాన్నగారికి కిడ్నీ, షుగర్ ఏవైనా ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి.

రాజోలు_అబ్బాయి:
యూనిట్ మీరన్నట్టే ఉందండి, చూసుకోలేదు. మూడోసారి 25 వచ్చింది, ఎకో (గుండె స్కాన్) తీసి రాత్రికి ఉంచుతామన్నారు. అమ్మ ఇప్పుడే కాఫీ తాగింది.